అబ్బా! మనం కోతుల సంతతా?



ఇషా నమాజు ముగిసింది. ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచారు. ఇంటర్ చదువుతున్న అమ్మాయి అన్నం కలుపుకుంటూ ఉన్నట్టుండి అడిగింది: “అబ్బా! ఈ రోజు కాలేజీలో జీవ పరిణామం పాఠం మొదలుపెట్టారు. మనిషికీ చింపాంజీకీ పూర్వీకులు ఒక్కరేనట. నిజమేనా? మరి హజ్రత్ ఆదమ్ (అలైహిస్సలాం) సంగతేమిటి?”

తండ్రి చేతిలోని ముద్ద ఆగిపోయింది. “అవన్నీ దేవుణ్ణి నమ్మనివాళ్ళు అల్లిన కట్టుకథలు బేటీ! పరీక్షలో వాళ్ళు అడిగింది రాసెయ్యి. మనసులోకి మాత్రం రానివ్వకు” అన్నాడు. అమ్మాయి తల వంచుకుని అన్నం తినేసింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

మన ఇళ్ళల్లో తరచూ జరిగే ముచ్చటే ఇది. ఆ తండ్రి ఉద్దేశ్యం మంచిదే. కూతురి ఈమాన్ పదిలంగా ఉండాలనే ఆయన తపన. కాని ఆయన ఇచ్చిన సమాధానంలో రెండు ప్రమాదాలు దాగి ఉన్నాయి. మొదటిది, చేతితో ఒకటి రాసి మనసులో మరొకటి పెట్టుకొమ్మని బిడ్డకు ఆయనే నేర్పాడు. రెండవది, తాను చదవని విషయం మీద తీర్పు చెప్పేశాడు. డాక్టరు కావాలని నీట్ పరీక్ష రాసే పిల్లలకు జీవ పరిణామం తప్పనిసరి పాఠ్యాంశం. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదవ తరగతి పుస్తకంలోంచి ఈ పాఠాన్ని తొలగించినప్పుడు దేశవ్యాప్తంగా పెద్ద చర్చే జరిగింది. కాని పన్నెండవ తరగతిలో అది అలాగే ఉంది. అమ్మాయి రేపు మెడికల్ కాలేజీలో చేరుతుంది. ఆధారాలు కళ్ళారా చూస్తుంది. అప్పుడు ఆమె మదిలో మెదిలే ప్రశ్న ఒక్కటే: “ఈ విషయంలో అబ్బా చెప్పింది నిజం కానప్పుడు, నమాజు గురించి, పరలోకం గురించి చెప్పింది మాత్రం నిజమని ఏమిటి నమ్మకం?”

బిడ్డ చేయి జారేది డార్విన్ పుస్తకం వల్ల కాదు. పెద్దల మాట మీద నమ్మకం పోవడం వల్ల. అందుకే ఈ నెల పాఠంలో ఈ విషయాన్ని ఓపికగా, నిదానంగా అర్థం చేసుకుందాం.

గ్రహణం నాడు నేర్పిన పాఠం

దైవప్రవక్త (స) గారి చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ పసివాడి మరణం వల్లనే సూర్యుడు వెలవెలబోయాడని మదీనా ప్రజలు చెప్పుకోసాగారు. ఒక్కసారి ఆలోచించండి. పుత్రశోకంలో ఉన్న తండ్రి ఆయన. ప్రజలే స్వయంగా ఆయన మహిమను చాటుతున్నారు. ఆయన మౌనం వహించి ఉంటే చాలు, ఎంతోమంది విశ్వాసం మరింత బలపడేదే! కాని ఆయన మౌనంగా ఉండలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావుపుట్టుకల వల్లా వాటికి గ్రహణం పట్టదనీ, గ్రహణాన్ని చూసినప్పుడు నమాజు చేసి దుఆ చేయాలనీ బోధించారు.

తనకు అనుకూలంగా ఉన్న అసత్యాన్ని కూడా ఆయన అంగీకరించలేదు. సత్యధర్మానికి తప్పుడు సాక్ష్యం అక్కరలేదని ఆనాడే తేల్చి చెప్పారు.

ఇమామ్ గజాలీ (రహిమహుల్లాహ్) దాదాపు తొమ్మిది వందల ఏళ్ళ క్రితం తత్వవేత్తలను ఖండిస్తూ ‘తహాఫుతుల్ ఫలాసిఫా’ అనే గ్రంథం రాశారు. ఖండించడానికే రాసిన ఆ గ్రంథం ఆరంభంలోనే ఆయన ఒక హెచ్చరిక చేశారు. గ్రహణం ఎలా పడుతుందో లెక్కలతో రుజువైన విషయాన్ని ధర్మం పేరుతో కాదనేవాడు ధర్మానికి మేలు చేయడం లేదనీ, ధర్మాన్ని అడ్డదారిలో సమర్థించేవాడి వల్ల కలిగే కీడు దానిపై సూటిగా దాడి చేసేవాడి కీడు కన్నా ఎక్కువనీ దాని సారాంశం. ఈ మాటను గుర్తుపెట్టుకుని మన విషయంలోకి వద్దాం.

శాస్త్రం చెప్పేదేమిటి? చెప్పనిదేమిటి?

“మనిషి కోతికి పుట్టాడు” అని శాస్త్రం ఎక్కడా చెప్పడం లేదు. మన ఇంటి చూరు మీద గెంతే కోతి మన తాత కాదు, ముత్తాతా కాదు. ఈ విషయం అర్థం కావాలంటే మన కుటుంబాన్నే చూడండి. మీరూ, మీ చాచా కొడుకూ ఒకే దాదా మనవళ్ళు. అంతమాత్రాన మీరు మీ చాచా కొడుక్కి పుట్టలేదు కదా! ఇద్దరి మూలం ఒకటే, దారులు వేరయ్యాయి. మనిషికీ చింపాంజీకీ మధ్య ఉన్న సంబంధం అలాంటిదని శాస్త్రజ్ఞులు అంటారు. ఆ ఉమ్మడి మూలం దాదాపు 60 నుంచి 70 లక్షల ఏళ్ళ క్రితం ఆఫ్రికాలో ఉండేదని వారి అంచనా. చెట్ల మీద తిరిగే తోక ఉన్న కోతులతో, కొండముచ్చులతో మన సంబంధం ఇంకా దూరపుది. అక్కడ దారులు వేరై రెండున్నర, మూడు కోట్ల ఏళ్ళయింది.

తెలుగులో మనం అన్నింటినీ ‘కోతి’ అనే అంటాం. కాని చింపాంజీ, బోనోబో, గొరిల్లా, ఒరాంగుటాన్, గిబ్బన్ తోకలేని వానరాలు. ఇవీ, మన ఊళ్ళలోని కోతులూ కొండముచ్చులూ, చివరకు మన అడవుల్లో రాత్రిపూట తిరిగే గుండ్రని కళ్ళ దేవాంగపిల్లీ, వీటన్నింటినీ కలిపి ప్రైమేట్లు అంటారు. మనిషిని ఈ వర్గంలో మొదట చేర్చింది డార్విన్ కాదు. లిన్నేయస్ అనే స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు, డార్విన్ గ్రంథానికి వందేళ్ళ ముందే, 1758లో ఈ పేరుతో మనిషినీ, కోతినీ ఒకే వర్గంలో రాశాడు. అతను దేవుణ్ణి నమ్మిన క్రైస్తవుడు. శరీర లక్షణాలను పోల్చి చూసి ఆ నిర్ణయానికి వచ్చాడు.

1859లో డార్విన్ తన ప్రసిద్ధ గ్రంథంలో చెప్పింది ఇది: ఒకే జాతి ప్రాణుల్లో చిన్న చిన్న తేడాలుంటాయి. పరిసరాలకు తగిన తేడా ఉన్నవి ఎక్కువగా బ్రతికి సంతానాన్ని కంటాయి. తరతరాలుగా ఇలా జరుగుతూ పోతే జాతులే మారతాయి. దీన్నే ప్రకృతివరణం అంటారు. మందుల కోర్సు మధ్యలో ఆపవద్దని డాక్టరు ఎందుకు హెచ్చరిస్తాడు? మందుకు తట్టుకున్న సూక్ష్మక్రిములు మిగిలి, వాటి సంతతే పెరిగిపోతుందనే కదా! మన ఇంట్లో మనమే చూస్తున్న ప్రకృతివరణం ఇది. మనిషి విషయాన్ని డార్విన్ 1871లో మరో గ్రంథంలో వివరంగా చర్చించాడు. మనిషికి దగ్గరి పోలికలున్న చింపాంజీ, గొరిల్లా ఆఫ్రికాలోనే ఉన్నాయి కనుక మనిషి తొలి ఆనవాళ్ళు కూడా అక్కడే ఉండవచ్చని ఊహించాడు.

ఇక శాస్త్రం చెప్పనిదేమిటి? ఈ విశ్వానికి కర్త లేడని అది చెప్పడం లేదు. జీవితానికి పరమార్థం లేదనీ, మరణం తర్వాత లెక్క లేదనీ చెప్పడం లేదు. అలా అనే శాస్త్రజ్ఞులు ఉన్నారు. అది వారి సొంత అభిప్రాయం, ప్రయోగశాలలో తేలిన ఫలితం కాదు. వర్షం ఎలా కురుస్తుందో తెలుసుకున్నంత మాత్రాన వర్షాన్ని కురిపించేవాడు లేడని తేలుతుందా? ‘ఎలా’ అన్న ప్రశ్న వేరు, ‘ఎవరు, ఎందుకు’ అన్న ప్రశ్న వేరు.

నేలలో దొరికిన సాక్ష్యాలు

డార్విన్ నాటికి ఆఫ్రికాలో మానవ శిలాజాలు దొరకలేదు. ఆ తర్వాత దొరికాయి. 1974లో ఇథియోపియాలోని హదార్‌లో ఒక స్త్రీ అస్థిపంజరం దాదాపు 40 శాతం బయటపడింది. ‘లూసీ’ అని పేరు పెట్టారు. వయస్సు 32 లక్షల ఏళ్ళు. మూడున్నర అడుగుల ఎత్తు. పుర్రె చూస్తే చింపాంజీ అంత చిన్నది. నడుము, మోకాలి ఎముకలు చూస్తే మనలాగే నిటారుగా రెండు కాళ్ళ మీద నడిచిన ప్రాణి. 1978లో టాంజానియాలోని లాటోలీలో అంతకన్నా పాతవి, దాదాపు 36 లక్షల ఏళ్ళ నాటి అడుగుజాడలు దొరికాయి. అగ్నిపర్వతం చల్లిన బూడిద మీద నడిచిపోయిన పాదాల ముద్రలవి.

మన జాతికే చెందిన అతి ప్రాచీన ఎముకల్లో కొన్ని ఒక ముస్లిం దేశంలోనే దొరికాయి. మొరాకోలోని జబల్ ఇర్హూద్ గుహలో లభించిన ఆ శిలాజాల వయస్సు దాదాపు 3 లక్షల ఏళ్ళని 2017లో ప్రకటించారు. ఆ పరిశోధనకు సారథ్యం వహించిన ఇద్దరిలో ఒకరు మొరాకో శాస్త్రజ్ఞుడు అబ్దుల్ వాహిద్ బిన్ నస్ర్. మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో కూడా, 74 వేల ఏళ్ళ క్రితం ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరివచ్చిన బూడిద పొర కిందా, దాని పైనా రాతి పనిముట్లు దొరికాయి. 2007లో ఈ విషయం ప్రపంచానికి తెలిసింది.

మన శరీరమే చెప్పే సాక్ష్యం

ఎముకల కన్నా గట్టి సాక్ష్యం మన రక్తంలోనే ఉంది. మనిషి జీవకణంలో 46 క్రోమోజోములు ఉంటాయి. చింపాంజీకి, గొరిల్లాకు, ఒరాంగుటాన్‌కు 48. మరి మూలం ఒకటే అయితే రెండు ఏమైపోయాయి? శాస్త్రజ్ఞులు వెతికారు. మనిషి రెండవ నంబరు క్రోమోజోము, వానరాల రెండు విడివిడి క్రోమోజోములు కొసలు కలిసి అతుక్కున్నట్టుగా ఉంది. చెప్పుల తాడు కొసన ఉండే గట్టి తొడుగు లాంటి భాగం ప్రతి క్రోమోజోము చివరా ఉంటుంది. మన రెండవ క్రోమోజోములో ఆ ‘కొస గుర్తులు’ మధ్యలో కనిపిస్తాయి. 1991లో ఈ అతుకు చోటును గుర్తించారు.

మరో ఉదాహరణ వంటింట్లోదే. మేక, ఆవు, కుక్క, పిల్లి నిమ్మకాయ తినకపోయినా వాటికి విటమిన్ సి లోటు రాదు. వాటి శరీరమే దాన్ని తయారు చేసుకుంటుంది. మనకు మాత్రం ఉసిరి, నిమ్మ, జామ లాంటివి కావాలి. లేకపోతే చిగుళ్ళ నుంచి రక్తం కారే స్కర్వీ వ్యాధి వస్తుంది. విటమిన్ సి తయారు చేసే జన్యువు మనలోనూ ఉంది, కాని చెడిపోయి పనిచేయకుండా పడి ఉంది. చింపాంజీలోనూ, కోతిలోనూ అదే జన్యువు అలాగే చెడిపోయి ఉంది. దూరపు బంధువైన దేవాంగపిల్లిలో అది ఇంకా పనిచేస్తోంది. ఇద్దరు విద్యార్థుల జవాబు పత్రాల్లో ఒకే చోట ఒకే తప్పు కనబడితే ఉపాధ్యాయుడు ఏమనుకుంటాడు? రెండూ ఒకే చోట నుంచి వచ్చాయనే కదా!

2005లో చింపాంజీ జన్యు పటాన్ని మనిషి పటంతో పోల్చినప్పుడు, సరిపోల్చగలిగిన చోట్ల ఒక్కొక్క అక్షరంలో తేడా 1.2 శాతం మాత్రమే కనిపించింది. చేరినవీ ఊడినవీ కూడా లెక్కేస్తే తేడా పెరుగుతుంది. ఎలా లెక్కపెట్టినా ప్రాణికోటిలో మనకు అతి దగ్గరి బంధువులు చింపాంజీ, బోనోబోలే.

మనం తరచూ వినే వాదాలు

ఈ విషయంపై మన ప్రసంగాల్లో, కరపత్రాల్లో కొన్ని వాదాలు పదే పదే వినిపిస్తాయి. సదుద్దేశంతోనే చెబుతారు. కాని వాటిని మన పిల్లల చేతికి ఇచ్చి కాలేజీకి పంపితే వారు నలుగురిలో నవ్వులపాలవుతారు.

1. “కోతి మనిషిగా మారితే ఇంకా కోతులెందుకున్నాయి?” దీనికి జవాబు పైనే చెప్పుకున్నాం. దాదా మనవళ్ళు ఊరు వదిలి హైదరాబాదు వెళ్ళి స్థిరపడితే, చాచా పిల్లలు ఊళ్ళో ఉండకూడదా?

2. “పిల్ట్‌డౌన్ పుర్రె మోసమని తేలింది కదా!” నిజమే. 1912లో ఇంగ్లండులో దొరికిందని చాటిన ఆ పుర్రె బూటకం. మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ జోడించారు. అయితే 1953లో ఆ మోసాన్ని బట్టబయలు చేసింది ఎవరు? శాస్త్రజ్ఞులే! ఒక దొంగనోటు పట్టుబడిందని అసలు నోట్లన్నీ చెల్లవంటామా?

3. “అది థియరీ మాత్రమే.” వాడుకలో థియరీ అంటే ఊహ. శాస్త్రంలో మాత్రం అనేక ఆధారాలను ఒక్కచోట చేర్చి వివరించే సూత్రం. రోగాలు సూక్ష్మక్రిముల వల్ల వస్తాయన్నది కూడా శాస్త్రం లెక్కలో థియరీయే.

4. “డార్విన్ కంటే ముందే ముస్లింలు దీన్ని కనిపెట్టారు.” ఇది ఎదుటివైపు నుంచి వచ్చే పొరపాటు. జాహిజ్ ‘కితాబుల్ హయవాన్’లో జంతువుల గురించి అద్భుతంగా రాశాడు. 1377లో ఇబ్న్ ఖల్దూన్ తన ‘ముఖద్దిమా’లో ఖనిజాలు, మొక్కలు, జంతువులు, మనిషి అనే మెట్ల వరుసను వర్ణిస్తూ మనిషి కింది మెట్టు మీద కోతిని ఉంచాడు. అవి గర్వించదగ్గ రచనలే. కాని సృష్టిలోని అంతస్తులను వర్ణించడం వేరు, ప్రకృతివరణంతో జాతులు మారతాయని నిరూపించడం వేరు. మనది కాని దాన్ని మనదని చెప్పుకోవడం కూడా అసత్యమే.

ఈ విషయంలో తొందరపాటు పెద్దవాళ్ళకూ తప్పలేదు. సయ్యద్ జమాలుద్దీన్ అఫ్గానీ పేరు మనలో చాలామంది వినే ఉంటారు. ఆయన మన హైదరాబాదులో ఉన్నప్పుడు భౌతికవాదులను ఖండిస్తూ పారసీలో ఒక పుస్తకం రాశారు. 1881లో ఇక్కడే అచ్చయింది. డార్విన్ మాట నిజమైతే దోమ కాలక్రమంలో ఏనుగు కావాలనీ, ఏనుగు దోమ కావాలనీ అందులో ఎగతాళి చేశారు. డార్విన్ అలా చెప్పనే లేదు. తన జీవిత చరమాంకంలో ఇస్తాంబుల్‌లో ఆయన జరిపిన సంభాషణలను ఒక శిష్యుడు గ్రంథస్థం చేశాడు. అందులో ఆయన స్వరం చాలా మెత్తబడి కనిపిస్తుంది. తెలుసుకున్న తర్వాత మాట మార్చుకోవడం చిన్నతనం కాదు.

ధర్మవేత్తల అభిప్రాయాలు

హజ్రత్ ఆదమ్ (అలై) పుట్టుక గురించి దివ్యఖుర్ఆన్ బోధ మనందరికీ తెలుసు. అల్లాహ్ ఆయన్ని మట్టితో సృష్టించాడు. తన ఆత్మను ఊదాడు. సకల వస్తువుల పేర్లు నేర్పాడు. దైవదూతలను ఆయన ముందు సాష్టాంగపడమని ఆజ్ఞాపించాడు. విశ్వాసికి ఇందులో సందేహం లేదు. అయితే దీనినీ, శాస్త్రం చూపే ఆధారాలనూ ఎలా అర్థం చేసుకోవాలన్న విషయంలో నేటి ముస్లిం పండితులు నాలుగు రకాలుగా ఆలోచిస్తున్నారు. షుఐబ్ అహ్మద్ మాలిక్ అనే పరిశోధకుడు 2021లో వెలువరించిన గ్రంథంలో వీటిని ఇలా వర్గీకరించారు.

మొదటి వర్గం పరిణామ సిద్ధాంతాన్ని పూర్తిగా తిరస్కరిస్తుంది. రెండవ వర్గం మొక్కలు, జంతువుల విషయంలో దాన్ని అంగీకరిస్తుంది, మానవజాతిని మాత్రం మినహాయిస్తుంది. ఉలమాలో ఎక్కువమంది ఈ రెండు వర్గాల్లోనే ఉన్నారు. మూడవ వర్గం ఆదమ్ (అలై), హవ్వా (అలై) గార్లను మాత్రమే మినహాయిస్తుంది. వారిరువురూ తల్లిదండ్రులు లేకుండా అల్లాహ్ శక్తితో పుట్టారనీ, అప్పటికి భూమ్మీద మనిషిని పోలిన ప్రాణులు ఉన్నాయో లేదో గ్రంథం చెప్పలేదు కనుక ఆ విషయంలో మౌనం వహించాలనీ ఈ వర్గం వాదన. మన జన్యువుల్లోని వైవిధ్యం ఒకే జంట నుంచి కాక వేలాదిమంది పూర్వీకుల నుంచి వచ్చిందని శాస్త్రం చెబుతోంది. ఆదమ్ (అలై) సంతతి ఆ ప్రాణులతో కలిసి ఉండవచ్చు కనుక అందులో వైరుధ్యం లేదని వీరంటారు. డేవిడ్ సాలొమన్ జలాజెల్ అనే పండితుడు ఈ మార్గాన్ని వివరించారు. నాలుగవ వర్గం ఏ మినహాయింపూ లేకుండా అంగీకరిస్తుంది. జోర్డాన్ జీవశాస్త్రవేత్త రనా దజానీ ఈ కోవకు చెందినవారు.

చర్చ కొత్తదేమీ కాదు. లెబనాన్ పండితుడు హుసైన్ అల్ జిస్ర్ 1888లోనే దీని గురించి రాశారు. పరిణామం రుజువు కాలేదనే ఆయన భావించారు. ఒకవేళ తిరుగులేని విధంగా రుజువైతే వచనాలను దానికి అనుగుణంగా అర్థం చేసుకునే దారి ధర్మంలో ఉందని కూడా చెప్పారు.

పాఠకులారా! మీరు ఏ అభిప్రాయాన్ని ఎంచుకున్నా అది మీ ఇష్టం. కాని ఒక షరతు. ఎదుటి అభిప్రాయం ఉన్న ముస్లిం సోదరుణ్ణి ధర్మభ్రష్టుడనకండి. మీ అభిప్రాయాన్ని నిలబెట్టుకోవడానికి లేని ఎముకను ఉందనకండి, ఉన్న ఎముకను లేదనకండి. తెలియని దాని వెంట పడవద్దనీ, చెవి, కన్ను, హృదయం అన్నింటి గురించీ ప్రశ్నించడం జరుగుతుందనీ ఇస్రా సూరా 36వ వచనం హెచ్చరిస్తోంది.

మన గౌరవం ఎక్కడ ఉంది?

అసలు ఈ విషయం వినగానే మన మనసు ఎందుకు చివుక్కుమంటుంది? “కోతితో చుట్టరికమా? ఎంత అవమానం!” అనిపిస్తుంది కదా. ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

పుట్టుకను చూపి గొప్పలు పోయిన మొట్టమొదటివాడు ఎవరు? ఇబ్లీసు! ఆదమ్ మట్టితో పుట్టాడనీ, తాను నిప్పుతో పుట్టాననీ, కనుక తానే ఘనుడననీ వాడు విర్రవీగాడు. ముడిసరుకును చూశాడు, అల్లాహ్ ఇచ్చిన విజ్ఞానాన్నీ ఆత్మనూ చూడలేదు. కాళ్ళ కింద తొక్కే బురద నుంచి పుట్టామని చెప్పుకోవడానికి మనకు సిగ్గులేదు. ప్రతి మనిషీ నీచమైన బిందువు నుంచి పుట్టాడని ఖుర్ఆన్ పదే పదే గుర్తుచేస్తుంది. అంటే మన గౌరవం మన ముడిసరుకులో లేదు. ఆకాశాలూ, భూమీ, పర్వతాలూ మోయడానికి జంకిన అమానత్ బాధ్యతను మనిషి మోశాడని అహ్‌జాబ్ సూరా 72వ వచనం చెబుతోంది. మన ఘనత ఆ బాధ్యతలో ఉంది.

1960లో జేన్ గుడాల్ అనే యువతి టాంజానియాలోని గోంబే అడవిలో చింపాంజీల మధ్య నెలల తరబడి గడిపింది. ఒక చింపాంజీ గడ్డిపుల్లను చెదపుట్టలోకి దూర్చి చెదపురుగులను పైకి లాగి తినడం చూసింది. పనిముట్లు వాడేది మనిషి ఒక్కడేనన్న నమ్మకం అప్పటితో పోయింది. చింపాంజీలు చనిపోయిన బిడ్డను రోజుల తరబడి మోస్తాయి, ఓడిపోయిన తోటివాణ్ణి హత్తుకుని ఓదారుస్తాయి, పొరుగు గుంపుతో పోరాడి చంపుతాయి కూడా. 2025 అక్టోబరులో కన్నుమూసే దాకా గుడాల్ ఆ ప్రాణుల కోసమే పాటుపడింది. అయినా ఏ చింపాంజీ కూడా తాను చేసిన హత్య గురించి రాత్రి లేచి పశ్చాత్తాపంతో కన్నీరు పెట్టదు. దాన్ని ఎవరూ లెక్క అడగరు. మనల్ని అడుగుతారు. తేడా అక్కడ ఉంది.

పుట్టుకను బట్టి మనుషులకు ఎక్కువ తక్కువలు కట్టిన ఇబ్లీసు బుద్ధి శాస్త్రం ముసుగులో కూడా బయటపడింది. 1906లో కాంగో దేశానికి చెందిన ఓటా బెంగా అనే యువకుణ్ణి న్యూయార్కులోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో వానరాల ఇంట్లో ఉంచి జనానికి చూపించారు. నల్లజాతి చర్చి పెద్దలు ఎదురుతిరిగితే గాని అది ఆగలేదు. పదేళ్ళ తర్వాత అతను తన ప్రాణాలు తానే తీసుకున్నాడు. శాస్త్రాన్ని అడ్డంపెట్టుకుని చేసిన దుర్మార్గమది. అదే శాస్త్రం నేడు మనుషులంతా ఒకే జాతి అనీ, అందరి మూలం ఆఫ్రికా అనీ చెబుతోంది. అందరూ ఆదమ్ బిడ్డలే, ఆదమ్ మట్టి నుంచి వచ్చినవాడే అని మన ప్రవక్త (స) ఎప్పుడో బోధించారు. నల్లవాడి మీద తెల్లవాడికి ఆధిక్యత లేదని చాటారు.

ప్రాణులతో మన వ్యవహారం

భూమ్మీద సంచరించే జంతువులూ, ఎగిరే పక్షులూ మనలాంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా 38వ వచనం తెలుపుతోంది. ఈ మాటను ఎన్నిసార్లు పారాయణం చేశాం, ఎన్నిసార్లు ఆలోచించాం? నేడు మన పల్లెల్లో కోతుల బెడద పెరిగింది. మొక్కజొన్న చేను మిగలడం లేదు, పెంకులు పగులుతున్నాయి. రైతు బాధ నిజమైనదే. పంటను కాపాడుకోవడం అతని హక్కు. కాని విషం పెట్టడం, నిప్పంటించడం, పిల్ల కోతిని కట్టేసి ఆడించడం హక్కు కాదు. దారిన పోతూ సరదాకు బిస్కెట్లు విసిరి వాటిని మనుషులకు అలవాటు చేయడం కూడా మేలు కాదు. దప్పిగొన్న కుక్కకు నీళ్ళు తాపినందుకు మన్నింపు పొందిన మనిషి గురించి, పిల్లిని కట్టేసి ఆకలితో చంపినందుకు శిక్షకు గురైన స్త్రీ గురించి మన ప్రవక్త (స) చెప్పారు. నోరులేని ప్రాణుల లెక్క కూడా మన ఖాతాలోనే ఉంది.

ఆ తండ్రి ఇలా చెప్పి ఉంటే!

“బేటీ! మంచి ప్రశ్న అడిగావు. నీ పుస్తకంలో ఉన్నది శ్రద్ధగా చదువు. శాస్త్రజ్ఞులు ఏ ఆధారంతో ఏం చెబుతున్నారో పూర్తిగా నేర్చుకుని పరీక్షలో నిజాయితీగా రాయి. భూమ్మీద సంచరించి సృష్టి ఎలా మొదలైందో చూడమని అన్కబూత్ సూరాలో అల్లాహ్ మనకు చెప్పాడు. చదవడం పాపం కాదు. హజ్రత్ ఆదమ్ (అలై) గురించి మన నమ్మకం మనకు ఉంది. రెండింటినీ ఎలా కలిపి చూడాలో ఉలమా రకరకాలుగా చెప్పారు. నాకు అంతా తెలియదు. ఆదివారం ఇద్దరం కూర్చుని చదువుదాం. నీకు ఏ సందేహం వచ్చినా నా దగ్గర దాచకు.”

ఎంత తేడా! ‘నాకు తెలియదు’ అన్నందుకు ఆ తండ్రి కూతురి దృష్టిలో చిన్నవాడు కాడు. ఆమె రేపు మరో ప్రశ్నతో మళ్ళీ ఆయన దగ్గరికే వస్తుంది.

గుర్తుంచుకుందాం

* మనిషి నేటి కోతికి పుట్టాడని శాస్త్రం చెప్పడం లేదు. ఉమ్మడి పూర్వీకులున్నారని చెబుతోంది.
* ఎముకలు, జన్యువులు చూపే ఆధారాలు బలమైనవి. వాటిని తెలుసుకోకుండా ఖండించడం ధర్మసేవ కాదు.
* సృష్టికర్త ఉన్నాడా లేడా అన్నది జీవశాస్త్రం తేల్చే విషయం కాదు.
* మనిషి గౌరవం పుట్టిన పదార్థంలో లేదు. అమానత్‌లో, జవాబుదారీలో ఉంది.

ఇంట్లో చర్చించుకుందాం

1. గ్రహణం రోజున దైవప్రవక్త (స) మౌనంగా ఉండిపోతే ఏమయ్యేది?
2. ధర్మానికి మేలు జరుగుతుందని విని, నిజమో కాదో చూడకుండా మనం ఇతరులకు పంపిన వార్త ఏదైనా ఉందా?
3. మన పిల్లలు మనల్ని అడగడానికి భయపడుతున్న ప్రశ్న ఏమిటి?

సత్యాన్ని సత్యంగా చూసే కంటిని, తెలియనిది తెలియదని ఒప్పుకునే నాలుకను, బిడ్డల ప్రశ్నలు ఓపికగా వినే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.